కడిగినా వదలని గులాబి

ఇంట్లోనే నలుపు తెలుపు ఫిల్మ్ కడుక్కునే అలవాటు డిజిటల్ కెమెరాల కాలంలోనూ అంతరించిపోలేదు. ఒక చిన్న ట్యాంకు, రెండు మూడు సీసాల రసాయనాలు, ఫిల్మ్‌ను రీలుకు చుట్టడానికి ఒక నల్ల సంచి సమకూర్చుకుని స్నానాల గదినే డార్క్‌రూమ్‌గా మార్చుకుంటున్న ఔత్సాహికులు ఇప్పటికీ ఉన్నారు. వారిలో చాలామందిని తొలిరోజుల్లోనే కలవరపెట్టే విషయం ఒకటుంది. ట్యాంకు మూత తీసి, ఫిల్మ్‌ను వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు, బొమ్మలు చక్కగానే వచ్చినా, వాటి చుట్టూ ఉన్న ఖాళీ అంచు వంగపువ్వు రంగులోనో, లేత గులాబిగానో, ఒక్కొక్కసారి పసుపుగానో గోధుమగానో కనిపిస్తుంది. నలుపు, తెలుపు తప్ప మరొకటి ఎరగదనుకున్న ఫిల్మ్‌లోకి ఈ రంగు ఎక్కడినుంచి వచ్చిందన్నది సహజంగా కలిగే సందేహమే కాని, దానికి ఒకే సమాధానం లేదు. కొన్ని రంగులు తయారీలోనే కావాలని వేసినవి, కొన్ని తాత్కాలికంగా ఉండి తొలగిపోవలసినవి, మరికొన్ని మాత్రం నెగెటివ్ ఆయుష్షునే తగ్గించే లోపానికి సూచనలు.

ఈ పని మొత్తానికీ తెలుగులో వాడుకలో స్థిరపడిన మాట 'కడగడం'. ఫిల్మ్‌ను డెవలపర్‌లో ఉంచడం, ఫిక్సర్‌లో ఉంచడం, చివర నీటితో శుభ్రం చేయడం అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. మాట సొగసైనదే, అయితే రంగు విషయానికి వచ్చేసరికి అదే కొంత దారి తప్పిస్తుంది. గులాబి ఛాయ కనబడగానే చేయి కుళాయి వైపు వెళుతుంది కాని, అసలు లోపం చాలా సందర్భాల్లో నీటి దాకా రాకముందే, ఫిక్సర్ దగ్గరే జరిగిపోయి ఉంటుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఫిల్మ్ నిర్మాణాన్ని కొంచెం తెలుసుకోవాలి. ప్లాస్టిక్ పట్టీ మీద పలుచగా పూసిన జెలటిన్ పొర, ఆ జెలటిన్‌లో చెల్లాచెదురుగా ఇరుక్కుని ఉన్న సిల్వర్ హాలైడ్ అనే వెండి లవణపు రేణువులు, ఈ రెండూ కలిసినదాన్నే ఎమల్షన్ అంటారు. వెలుతురు తగిలిన రేణువులను డెవలపర్ నల్లని లోహపు వెండిగా మారుస్తుంది, తగలని రేణువులు లవణంగానే మిగిలిపోతాయి, ఆ మిగిలినవాటిని కరిగించి బయటకు పంపే ద్రావణమే ఫిక్సర్. వెండి లవణాలకు స్వతహాగా కనిపించేది నీలం, ఊదా కాంతి మాత్రమే కనుక, తొలినాళ్ళ ఫోటోలలో ఎర్రని కుంకుమ నల్లగా, నీలాకాశం తెల్లని గోడలా పడేవి. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ విల్‌హెల్మ్ వోగెల్ అనే రసాయన శాస్త్రవేత్త, ఎమల్షన్‌లో కొన్ని రంగు పదార్థాలు కలిపితే వెండి లవణాలు ఆకుపచ్చ కాంతికి కూడా స్పందిస్తాయని కనుగొన్నాడు. ఆ దారిలోనే తరువాత ఎరుపు దాకా చూడగల పాన్‌క్రొమాటిక్ ఫిల్ములు వచ్చాయి. అంటే ఈనాటి నలుపు తెలుపు ఫిల్మ్‌లో రంగు మొదటినుంచీ ఉన్నదే. లోకంలోని రంగులను సరైన బూడిద ఛాయలుగా మార్చే పని ఆ రంగుదే. సున్నితకారక రంగులు అని పిలవదగిన ఈ పదార్థాలు వెండి లవణపు రేణువుల ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, వాటి పని కెమెరాలో షట్టర్ పడిన క్షణంతో ముగిసిపోతుంది, ఆ తరువాత అవి వెళ్ళిపోవాలి.

ఇవి కాక మరో రకం రంగు కూడా ఉంటుంది. కాంతి ఎమల్షన్‌ను దాటి, ప్లాస్టిక్ పట్టీ వెనుక తలాన్ని తాకి తిరిగివస్తే, దీపాల వంటి మెరిసే వస్తువుల చుట్టూ మసక వలయాలు ఏర్పడతాయి. అలా తిరిగివచ్చే కాంతిని మింగడానికి వేసే పూతను యాంటీ హేలేషన్ పూత అంటారు. 120 రకపు రోల్ ఫిల్ములలో ఇది నీటిలోనూ డెవలపర్‌లోనూ కరిగిపోయే రంగు. అందువల్లనే డెవలపర్‌కు ముందు ఫిల్మ్‌ను నీటితో తడిపే అలవాటున్నవారు ఆ నీటిని పారబోసేటప్పుడు బచ్చలిపండు రసంలాంటి ద్రవాన్నో, చెక్ దేశపు ఫోమా ఫిల్మ్ అయితే చిక్కని ఆకుపచ్చ నీటినో చూసి ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడవలసిన పని లేదు. ఆ రంగు బయటకు పోవడమే కావలసినది, ట్యాంకులోంచి ఎంత పోతే అంత మంచిది.

35 మిల్లీమీటర్ల ఫిల్మ్ సంగతి వేరు. దాని నాలుక కేసెట్ బయటకు వేలాడుతూ ఉంటుంది కనుక, పారదర్శకమైన పట్టీ అయితే వెలుతురు గాజు తీగలో ప్రయాణించినట్టు పట్టీ మందం గుండానే లోపలి చుట్టల దాకా పాకి ఫిల్మ్‌ను పాడుచేయగలదు. దాన్ని అడ్డుకోవడానికి చాలా కంపెనీలు ఆ ప్లాస్టిక్‌లోనే లేత బూడిద రంగు కలుపుతాయి. ఈ బూడిద రంగు శాశ్వతం, ఎన్ని నీళ్ళు పోసినా పోదు, పోగొట్టాలని ప్రయత్నించడం వృథా ప్రయాస. ఒకే పేరు గల ఫిల్మ్‌ను ఒకసారి 120లోనూ మరొకసారి 35లోనూ కడిగి, మొదటిది గాజులా, రెండవది మసకగా వచ్చిందని దిగులుపడే కొత్తవారు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు. అయితే బూడిద వేరు, గులాబి వేరు. పట్టీలో కలిసిన రంగు ఫిల్మ్ పొడుగునా ఒకే తీరుగా తటస్థంగా ఉంటుంది. దానికి ఎర్రని వైపో నీలం వైపో మొగ్గు కనిపించిందంటే కారణం సాధారణంగా ఎమల్షన్‌లో ఉంటుంది.

ఇక అసలు గులాబి. ఈ ఫిర్యాదు ఎక్కువగా వినిపించేది కొడాక్ టి-మ్యాక్స్ ఫిల్ముల విషయంలో, ఆ తరువాత ఇల్‌ఫోర్డ్ డెల్టా విషయంలో. 1986లో టి-మ్యాక్స్ వచ్చేదాకా ఇంట్లో కడుక్కునే నలుపు తెలుపు ఫిల్ములలో వెండి లవణపు రేణువులు గులకరాళ్ళలా గుండ్రంగానో, గళ్ళుప్పులా పలకలు తీరిన ముద్దలుగానో ఉండేవి. టి-మ్యాక్స్ వాటి స్థానంలో అప్పడాల్లాంటి పలుచని పలకలను తెచ్చింది. అంతే వెండితో ఎక్కువ వైశాల్యం కాంతికి ఎదురవుతుంది కనుక, నునుపు తగ్గకుండానే వేగం పెరుగుతుంది. కాని వైశాల్యం పెరిగితే దాన్ని కప్పవలసిన సున్నితకారక రంగు కూడా పెరుగుతుంది, పైగా ఈ పలకల్లోని అయొడైడ్ ఫిక్సర్‌ను మందగింపజేస్తుంది. పాత తరపు ఫిల్మ్ మూడు నిమిషాల్లో నిర్మలంగా తేలే ద్రావణంలోనే టి-మ్యాక్స్ గులాబిగా మిగిలిపోవడానికి కారణం ఇదే. లోపం ఫిల్మ్‌లో లేదు. పాత ఫిల్మ్‌కు సరిపోయిన ఫిక్సర్ లెక్కను మార్చకుండా కొత్త ఫిల్మ్‌కు వాడడంలో ఉంది.

ఫిక్సర్‌ను మన స్టూడియోలవారు 'హైపో' అనే పిలిచేవారు, కొందరు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. 1819లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ సోడియం హైపోసల్ఫైట్ అనే లవణం వెండి లవణాలను కరిగించగలదని గమనించాడు, ఇరవై ఏళ్ళ తరువాత ఫోటోగ్రఫీ పుట్టినప్పుడు 1839లో ఆ సంగతిని ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన టాల్బట్‌కు తెలియజేశాడు. రసాయన శాస్త్రం ఆ తరువాత దాని పేరును సోడియం థయోసల్ఫేట్‌గా మార్చినా, డార్క్‌రూమ్‌లో హైపో హైపోగానే నిలిచిపోయింది. ఈనాడు ఎక్కువగా వాడే ర్యాపిడ్ ఫిక్సర్‌లో ఉండేది దాని దాయాది అయిన అమోనియం థయోసల్ఫేట్, అది ఇంకా వేగంగా పనిచేస్తుంది. పాతకాలపు హైపోలో పటిక కలపడం కూడా ఒక ఆచారం, ఎందుకంటే వేడి ప్రదేశాల్లో మెత్తబడి గీతలు పడే జెలటిన్‌ను పటిక గట్టిపరుస్తుంది. కాని గట్టిపడిన జెలటిన్ లోపలి రంగును, హైపోను త్వరగా వదలదు. ఇప్పటి ఫిల్ముల జెలటిన్ తయారీలోనే తగినంత గట్టిపడి వస్తుంది కనుక, పటిక లేని ఫిక్సర్ వాడడమే మేలు.

ఫిక్సర్ అక్షయపాత్ర కాదు. ప్రతి ఫిల్మ్ నుంచీ కరిగిన వెండి అందులోనే పేరుకుంటుంది, ఒక హద్దు దాటాక ద్రావణం రంగులో, వాసనలో ఏ తేడా కనిపించకపోయినా దాని పని మాత్రం సగంలో ఆగిపోతుంది. ఒక భాగం గాఢ ద్రావణానికి నాలుగు భాగాల నీరు కలిపిన లీటరు ర్యాపిడ్ ఫిక్సర్‌లో 36 బొమ్మల రోళ్ళు 24 దాకా వేయవచ్చని ఇల్‌ఫోర్డ్ చెబుతుంది. టి-మ్యాక్స్ వంటివి ఎక్కువగా కడిగేవారు ఆ లెక్కను గణనీయంగా తగ్గించుకోవడం వివేకం. సీసా మీద రోళ్ళ సంఖ్య గీతలు పెట్టుకోవడం కంటే నమ్మదగిన పద్ధతి ఒకటుంది. కేసెట్ బయట ఉండే నాలుక ముక్కను కత్తిరించి, వెలుతురులోనే దాని మీద ఫిక్సర్ చుక్క వేసి అరనిమిషం ఆగి, తరువాత ముక్క మొత్తాన్ని ఫిక్సర్‌లో వేసి కదుపుతూ ఉంటే, ముందు చుక్క పడినచోటు పారదర్శకమైన వలయంగా తేలుతుంది, ఆ తరువాత చుట్టుపక్కల భాగం దానితో సమానమై వలయం మాయమవుతుంది. ముక్కను ముంచినప్పటినుంచి వలయం మాయమయ్యేదాకా పట్టిన సమయాన్ని తేరే సమయం అనుకుందాం. మామూలు ఫిల్మ్‌ను దానికి రెట్టింపు కాలం, పలక రేణువుల ఫిల్మ్‌ను మూడు రెట్లు ఫిక్సర్‌లో ఉంచాలి. తాజా ద్రావణంలో 45 సెకన్లకు తేరిన ఫిల్మ్ ఎప్పుడు 90 సెకన్లు తీసుకుంటుందో అప్పుడు ఆ ద్రావణానికి సెలవు ఇవ్వాలి. ఈ పరీక్షకు ఖర్చయ్యేది ఎలాగూ పారేసే ఫిల్మ్ తుంపు మాత్రమే, అయినా దీన్ని చేసేవారు తక్కువ.

గులాబిగా వచ్చిన నెగెటివ్‌కు చికిత్స కూడా ఇదే వరుసలో నడవాలి. ముందు ఫిల్మ్‌ను నీటిలో నానబెట్టి, కొత్తగా కలిపిన ర్యాపిడ్ ఫిక్సర్‌లో ఆపకుండా కదుపుతూ మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. ఇది ఎండిపోయిన ఫిల్మ్‌కైనా, ఎన్నో నెలలు గడిచిన ఫిల్మ్‌కైనా చేయవచ్చు, అంత తక్కువ సమయంలో బొమ్మలోని వెండికి ప్రమాదం లేదు. ఫిక్సర్‌లో గంటల తరబడి మరిచిపోతే మాత్రం సన్నని వివరాలు కరగడం మొదలవుతుంది. దాని తరువాత లీటరు నీటికి 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపిన ద్రావణంలో రెండు నిమిషాలు ముంచితే, మిగిలిన రంగులో చాలా భాగం కళ్ళముందే వెలిసిపోతుంది, జెలటిన్‌లో చిక్కుకున్న హైపో కూడా సులభంగా వదులుతుంది. హైపో క్లియరింగ్ ఏజెంట్ పేరుతో అమ్మేది ప్రధానంగా ఇదే. ఇక్కడ ఒక వింత సంగతి చెప్పుకోవాలి: ఉప్పునీరు మంచినీటి కంటే హైపోను త్వరగా వదిలిస్తుందన్నది రెండో ప్రపంచ యుద్ధకాలంలో మంచినీటికి కటకటపడే ఓడల మీద సముద్రపు నీటితో ఫిల్మ్ కడిగే ప్రయత్నాలతో వెలుగులోకి వచ్చింది, సల్ఫైట్ వాడకం దానికి కొనసాగింపే. సల్ఫైట్ తరువాతనే నీటి వంతు. ట్యాంకు నింపి ఐదుసార్లు, మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ నింపి ఇరవైసార్లు తలకిందులు చేసే ఇల్‌ఫోర్డ్ పద్ధతి హైపోను తొలగించడానికి సరిపోతుంది. మొండి గులాబి ఉంటే దానికి మరో ఐదు పది నిమిషాల ప్రవాహం జత చేయవచ్చు.

చాలామంది ఈ వరుసను పట్టించుకోకుండా సులువైన దారి ఒకటి పడతారు. సున్నితకారక రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కనుక, ఎండిన నెగెటివ్‌లను కిటికీకి వేలాడదీస్తే కొద్ది రోజుల్లో గులాబి మాయమవుతుంది. ఈ ఉపాయం పనిచేస్తుంది, అందులో సందేహం లేదు, కాని ఏ సందర్భంలో పనిచేయాలో అక్కడ మాత్రమే వాడాలి. గులాబి రెండు కారణాల వల్ల మిగలవచ్చు: వెండి లవణమంతా కరిగిపోయినా రంగు మాత్రం కొద్దిగా జెలటిన్‌లో నిలిచి ఉండవచ్చు, లేదా లవణమే పూర్తిగా కరగకపోవడం వల్ల దాన్ని అంటిన రంగు పోకుండా ఉండవచ్చు. మొదటిది కేవలం చూపులకు సంబంధించిన విషయం. రెండవది నెగెటివ్‌ను కొన్నేళ్ళలో తినేసే జబ్బు. ఎండలో వెలిసేది రంగు మాత్రమే, లవణం కాదు. ఫిక్సర్ చాలని నెగెటివ్‌ను ఎండలో పెట్టి గులాబిని పోగొట్టినవాడు జబ్బును అలాగే ఉంచి దాని లక్షణాన్ని చెరిపేసుకున్నట్టే. అందుకే కొత్త ఫిక్సర్‌లో రెండోసారి వేసిన తరువాత కూడా లేతగా మిగిలే ఛాయకు తప్ప ఎండ వైద్యం చేయకూడదు.

అనుమానం తీరనివారికి ఒక పరీక్ష ఉంది. బాగా కడిగిన ఫిల్మ్ ఖాళీ అంచు మీద నూటికి ఒక పాలు సోడియం సల్ఫైడ్ ద్రావణం ఒక చుక్క వేసి రెండు మూడు నిమిషాల తరువాత అద్దితే, కరగని లేక కొట్టుకుపోని వెండి సమ్మేళనం ఉన్నచోట గోధుమ మచ్చ పడుతుంది, లేనిచోట మచ్చ పడదు, పడినా లేత మీగడ రంగును మించదు. ఈ రసాయనం కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, ఆమ్లాలతో కలిస్తే విషవాయువును వదులుతుంది, పైగా దాని ఆవిరి వాడని ఫిల్మ్‌ను పాడుచేస్తుంది. కనుక దాన్ని ఫిక్సర్ సీసాలకు, డెవలపర్ పనిని ఆపే ఆమ్ల ద్రావణమైన స్టాప్ బాత్ సీసాలకు దూరంగా, గాలి ఆడేచోట వాడాలి.

ఫిక్సర్ మరీ చాలకపోతే గులాబి దశ దాటి ఇంకో రూపం కనిపిస్తుంది. ఫిల్మ్ పారదర్శకంగా ఉండక గంజినీళ్ళలా తెల్లగా, మందంగా ఉంటుంది. అది కరగని వెండి లవణమే, తాజా ఫిక్సర్‌లోకి తిరిగి వెళితే నిమిషాల్లో తేరిపోతుంది. ఇదే తరహాలో ఒక్కోచోట మాత్రమే నేరేడు రంగు మచ్చలు పడడం రీలుకు ఎక్కించడంలో జరిగిన పొరపాటును చెబుతుంది. ఒక చుట్ట పక్క చుట్టకు అతుక్కుపోయినచోటికి ఏ ద్రావణమూ చేరక, యాంటీ హేలేషన్ రంగు, వెండి లవణం రెండూ అలాగే నిలిచిపోతాయి. మళ్ళీ ఫిక్సర్‌లో వేస్తే ఆ మచ్చ రంగు పోతుంది, ఫిల్మ్ గాజులా తేలుతుంది, కాని డెవలపర్ తాకని ఆ చోట బొమ్మ మాత్రం ఎన్నటికీ రాదు.

కడిగినప్పుడు నిర్మలంగా ఉండి నెలలు, ఏళ్ళు గడిచాక పసుపుగానో గోధుమగానో మారే నెగెటివ్‌లది కూడా ఫిక్సర్, నీళ్ళ కథే. అలసిన ఫిక్సర్ వదిలిన వెండి సమ్మేళనాలు, కడగక మిగిలిన హైపో కాలక్రమంలో విచ్ఛిన్నమై గంధకాన్ని వదులుతాయి, అది బొమ్మలోని వెండితో కలిసి గోధుమ రంగు సల్ఫైడ్‌గా మారుతుంది. పాత ఆల్బములలో పసుపెక్కిన ఫోటోలు అందరికీ తెలిసినవే, వాటిలో కొన్నింటి వెనుక ఉన్నది ఈ రసాయనమే. అయితే ప్రతి పసుపునూ అనుమానించకూడదు. పైరోగాలాల్ అనే పురాతన డెవలపర్, 1851లో ఆర్చర్ అనే ఫోటోగ్రాఫర్ తన కొల్లోడియన్ గాజు పలకల పద్ధతిలో వాడినది, జెలటిన్‌ను వెండితో సమానంగా పసుపు పచ్చగా మరకపరుస్తుంది, ఆ మరక కూడా బొమ్మలో భాగమే. గోర్డన్ హచింగ్స్ రూపొందించిన పిఎంకె అనే పైరో డెవలపర్ సూత్రం వల్ల ఈ పద్ధతికి మళ్ళీ ఆదరణ వచ్చింది. అలాగే 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పుట్టిన కాఫినాల్, అంటే ఇన్‌స్టంట్ కాఫీపొడి, వాషింగ్ సోడాలతో చేసే డెవలపర్‌కు, ఫిల్మ్‌ను గోధుమ రంగుకు తిప్పడం సహజ లక్షణం. కాఫీలో ఫిల్మ్ కడిగి అది కాఫీ రంగుకు వచ్చిందని బెంగపడడం న్యాయం కాదు.

అరుదుగా కనబడేదైనా అందరినీ తికమకపెట్టే రంగు మరొకటి, ద్విరంగి పొగ అనదగినది. పైనుంచి పడే వెలుతురులో చూస్తే పసుపు పచ్చగా లోహపు మెరుపుతో, వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే గులాబిగా ఒకే మచ్చ రెండు రంగుల్లో కనిపిస్తే అది ఇదే. డెవలపర్‌లో ఫిక్సర్ కాసింత కలిసినా, స్టాప్ బాత్ లేకుండా డెవలపర్ తడితోనే ఫిల్మ్ అలసిన ఫిక్సర్‌లోకి వెళ్ళినా, కరుగుతున్న వెండి అక్కడికక్కడే అతిసూక్ష్మమైన రేణువులుగా అణగి ఈ పొగ ఏర్పడుతుంది. మళ్ళీ ఫిక్సర్‌లో వేసినా సల్ఫైట్‌లో ముంచినా ఇది కదలదు, ఎందుకంటే ఇది రంగు కాదు, వెండి. వెండిని కరిగించే 1883 నాటి ఫార్మర్ రెడ్యూసర్‌ను బాగా పలుచన చేసి వాడి కొంత తొలగించవచ్చు కాని, అది బొమ్మలోని వెండిని కూడా తింటుంది, అనుభవం లేని చేతుల్లో మచ్చతో పాటు ముఖం కూడా పోతుంది. ఒకే కొలపాత్రను కడగకుండా రెండు ద్రావణాలకూ వాడే అలవాటును మానుకోవడం దీనికి ఉన్న మంచి మందు.

ఫిల్మ్ డబ్బా మీద సి-41 అనే గుర్తు ఉంటే సమస్య ఇంకో చోట ఉంది. ఇల్‌ఫోర్డ్ ఎక్స్‌పి2 సూపర్ నలుపు తెలుపు ఫిల్మే అయినా కలర్ ఫిల్మ్‌ల రసాయనాల్లో కడగడానికి తయారైనది, దానిలో చివరికి మిగిలే బొమ్మ వెండితో కాక రంగుతో ఏర్పడుతుంది కనుక, ఛాయ ఉండడం దోషం కాదు. మామూలు కలర్ నెగెటివ్ ఫిల్మ్‌ను నలుపు తెలుపు డెవలపర్‌లో కడిగితే వచ్చే నారింజ ముసుగు కూడా అటువంటిదే, అది తయారీలో పెట్టినది, పోదు.

తెలుగునాట ఈ పని చేసేవారికి వాతావరణం తెచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీరు డెవలపర్ కోరే 20 డిగ్రీలకు ఎంతో పైన ఉంటుంది. ఒక ద్రావణం నుంచి ఇంకో ద్రావణానికి వేడిలో పెద్ద తేడా లేకుండా కడిగే నీటిని కూడా ముందుగానే చల్లబరచి బిందెలో పెట్టుకోవడం అవసరం. అతివేడి డెవలపర్ తెచ్చే బూడిద పొగ గులాబిని కప్పేసి కారణాన్ని గుర్తుపట్టనీయదు. బోరునీటిలోని సున్నం ఎండిన ఫిల్మ్ మీద తెల్లని పొడలా, చుక్కలుగా మిగులుతుంది, దాన్ని చూసి ఫిక్సర్ చాలలేదేమోనని పొరబడడం సాధారణం. వేలితో రుద్దితే పోయేది నీటి సున్నం, ఎమల్షన్ లోపల పాలలా ఉండేది వెండి లవణం. చివరి ముంపును డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే మొదటిది ఉండదు.

ఇంత చేసినా వదలని లేత ఛాయ వల్ల ఫోటోకు జరిగే నష్టం ఎంత అన్నది చివరి ప్రశ్న. ఛాయ ఫిల్మ్ అంతటా సమానంగా ఉంటే ఎన్‌లార్జర్‌లో ఎక్స్‌పోజర్ కాలం కొద్దిగా పెరగడం తప్ప మరేమీ జరగదు. అయితే మల్టీగ్రేడ్ రకపు కాగితం నీలం, ఆకుపచ్చ కాంతులకు వేరువేరుగా స్పందించి, గులాబి కెంపు ఫిల్టర్‌తో కాంట్రాస్ట్‌ను పెంచుకుని, పసుపు ఫిల్టర్‌తో తగ్గించుకునే కాగితం. గులాబి ఛాయ గట్టిగా ఉన్న నెగెటివ్ దాని మీద అనుకున్నదానికంటే కాస్త కరుకుగా, పైరో మరక ఉన్నది మెత్తగా పడతాయి. స్కానర్ మీద పెట్టేవారికి ఈ చిక్కు ఇంకా తక్కువ: గ్రేస్కేల్‌లో స్కాన్ చేస్తే సమానమైన రంగు లెక్కలోకి రాదు, మచ్చలు మచ్చలుగా ఉన్న గులాబి అయితే కలర్‌లో స్కాన్ చేసి మూడు ఛానెళ్ళలో ఎరుపును ఒక్కదాన్నే ఉంచుకుంటే చాలు, ఎందుకంటే గులాబి మరక ఎర్రని కాంతిని దాదాపు అడ్డుకోకుండా వదిలేస్తుంది, ఆకుపచ్చను మాత్రమే పట్టి ఆపుతుంది. స్కాన్ అయిపోయిన ఆ ఫిల్మ్‌ను కవరులో పెట్టేముందు తాజా ఫిక్సర్‌లో ఇంకొకసారి వేయవలసిన పని మాత్రం అలాగే ఉంటుంది.